మారని పాట, మారే మనుషులు

తెలుగులో 'బెంగ' అని చిన్న మాట ఒకటి ఉంది. కొత్తగా అత్తవారింటికి వెళ్ళిన పిల్ల పుట్టిల్లు తలుచుకుని అన్నం సయించకుండా కూర్చుంటే బెంగ పెట్టుకుందంటారు. పండక్కి వచ్చిన అమ్మమ్మ తిరిగి వెళ్ళిపోతే మనవడికి ఒళ్ళు వెచ్చబడుతుంది. మందెందుకు, బెంగజ్వరం, నాలుగు రోజులు ఆవిడ దగ్గర దింపిరండి, అదే పోతుందంటారు పెద్దవాళ్ళు. మనసులో పుట్టింది ఒంట్లో జ్వరంగా తేలుతుందనీ, దానికి మందు సీసాలో దొరకదనీ, ఎక్కడి మీద బెంగ పెట్టుకున్నామో అక్కడికి తిరిగి వెళ్ళడమే మందనీ మన ఇళ్ళలో ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలుసు.

ఐరోపావాళ్ళు ఈ సంగతిని వైద్యశాస్త్రంలోకి ఎక్కించడానికి 1688 దాకా ఆగారు. ఆ ఏడు స్విట్జర్లాండులోని బాజెల్ విశ్వవిద్యాలయంలో యోహాన్నెస్ హోఫర్ అనే వైద్యవిద్యార్థి తన సిద్ధాంతవ్యాసంలో 'నోస్టాల్జియా' అనే మాటను కొత్తగా కట్టాడు. గ్రీకులో 'నోస్టోస్' అంటే ఇంటికి తిరిగి రావడం, 'ఆల్గోస్' అంటే నొప్పి. ఈ రెంటినీ అతికించి ఒక జబ్బుకు పేరు పెట్టాడు. ఇల్లు విడిచి పరదేశాల్లో ఉన్నవాళ్ళకు వచ్చే జబ్బు అది. అతను చెప్పిన అసలు చికిత్స కూడా మన అమ్మమ్మలు చెప్పేదే: రోగిని ఇంటికి పంపండి.

ఈ జబ్బు కథలో ఒక పాట కూడా ఉంది. స్విస్ కొండల్లో పశువుల కాపరులు మందను పిలుచుకోవడానికి పాడుకునే పాట అది. జీతానికి పరాయి రాజుల సైన్యాల్లో చేరిన స్విస్ సిపాయిల మధ్య ఆ పాట వాయించకూడదని గట్టి నిషేధం ఉండేదనీ, అది చెవిన పడితే వాళ్ళు కన్నీళ్ళు పెట్టుకుని సైన్యం విడిచి పారిపోయేవారనీ రూసో 1768 నాటి తన సంగీతనిఘంటువులో రాశాడు. ఆయన అక్కడితో ఆగలేదు. ఆ పాటలో సంగీతం అంత గొప్పదేమీ కాదన్నాడు. బయటివాళ్ళు వింటే వాళ్ళకేమీ కాదు. అది పనిచేసేది సంగీతంగా కాదు, జ్ఞాపకచిహ్నంగా అన్నాడు.

ముప్ఫై ఏళ్ళ తర్వాత, 1798లో, మనిషి స్వభావాన్ని గురించి రాసిన పుస్తకంలో కాంట్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. బెంగ పెట్టుకున్న ఆ స్విస్‌వాళ్ళు నిజంగానే ఊరికి తిరిగి వెళ్ళినప్పుడు ఆశాభంగం పొందుతారనీ, ఆ ఆశాభంగంతోనే వాళ్ళ జబ్బు నయమవుతుందనీ ఆయన అన్నాడు. ఊరు మారిపోయింది, అందుకే ఇలా ఉంది అనుకుంటారు వాళ్ళు. నిజానికి వాళ్ళు తిరిగి తెచ్చుకోవాలనుకున్నది ఊరిని కాదు, ఆ ఊళ్ళో గడిపిన తమ యౌవనాన్ని. అది అక్కడ లేదు. ఎక్కడా లేదు.

హోఫర్ ఇది చోటు మీద బెంగ అన్నాడు. రూసో దాన్ని పాట రేపుతుందన్నాడు. కాంట్ అది వయసు మీద బెంగ అన్నాడు. ఈ మూడు మాటలూ పక్కపక్కన పెట్టుకుని మన కాలానికి వస్తే ఒక వింత దృశ్యం కనిపిస్తుంది. డెబ్బైల నాటి పాప్ పాటల కచేరీకి, ఆ పాటలతోపాటు పెరిగి పెద్దవాళ్ళయిన అభిమానులు, అరవై దాటినవాళ్ళు, డబ్బు కూడబెట్టుకుని, రైళ్ళూ విమానాలూ ఎక్కి వెళతారు. వాళ్ళు చేస్తున్న పనేమిటి? అది మంచి పనేనా? అభిమానం కదా, ఎవరి సరదా వాళ్ళది అని వదిలెయ్యవచ్చు. కానీ ఈ సరదాలో ఇంకొక మనిషి ఉన్నాడు, పాడేవాడు. ఇంకొక మనిషి ఉన్నచోట ధర్మప్రశ్న కూడా ఉంటుంది.

*

ఉదాహరణకు స్వీడన్ దేశపు 'అబ్బా' బృందాన్ని తీసుకుందాం. ఆ పేరు వింటే తెలుగువాడికి నవ్వు వస్తుంది. నొప్పికీ ఆశ్చర్యానికీ మనం వాడుకునే మాటే అది. నిజానికది నలుగురి పేర్లలోని మొదటి అక్షరాల కూర్పు: అగ్నేతా, బ్యోర్న్, బెన్నీ, ఆన్నీ-ఫ్రిద్. ఇద్దరు ఆడవాళ్ళు పాడతారు, ఇద్దరు మగవాళ్ళు పాటలు కడతారు. రెండు జంటలు. 1974 ఏప్రిల్ 6న ఇంగ్లండులోని బ్రైటన్‌లో జరిగిన యూరోవిజన్ పాటల పోటీలో గెలిచి ప్రపంచానికి తెలిశారు. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు వాళ్ళ పాట వినిపించని దేశం అరుదు. 1982 చివరికల్లా కలిసి పాడటం ఆగిపోయింది.

పాట మాత్రం ఆగలేదు. 1988లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో వాళ్ళను అనుకరిస్తూ పాడే బృందం ఒకటి పుట్టి ఊరూరా తిరిగింది. 1992లో పాత పాటలన్నీ ఏరి వేసిన సంకలనం విపరీతంగా అమ్ముడుపోయింది. 1999లో ఆ పాటలతోనే అల్లిన సంగీతనాటకం లండన్‌లో మొదలైంది. మళ్ళీ కలిసి కచేరీలు చేస్తే నూరుకోట్ల డాలర్లు ఇస్తామన్న బేరాన్ని 2000 ప్రాంతంలో ఆ నలుగురూ కాదన్నారు. వయసులో ఉన్నప్పుడు ఎలా ఉండేవాళ్ళమో అలాగే జనానికి గుర్తుండిపోతే చాలునని 2008లో బ్యోర్న్ ఒక పత్రికకు చెప్పాడు.

తర్వాత వాళ్ళు ఒక కొత్త దారి కనిపెట్టారు. నలుగురూ శరీరానికి అంటుకునే ప్రత్యేకమైన దుస్తులు తొడుక్కుని 5 వారాలపాటు 160 కెమెరాల మధ్య పాడి, ఆడి చూపించారు. ఆ కదలికలకు పడుచు నటుల కదలికలు తోడయ్యాయి. జార్జ్ లూకాస్ స్థాపించిన ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థ వాటికి 1979 నాటి ముఖాలు తొడిగింది. ఈ బొమ్మలను వాళ్ళు 'అవతార్' అంటారు. మన అవతారమే, కాకపోతే వైకుంఠం నుంచి కాక కంప్యూటరు నుంచి దిగింది. తూర్పు లండన్‌లో దీనికోసమే 3,000 మంది పట్టే హాలు కట్టారు. 2022 మే 27న ప్రదర్శనలు మొదలయ్యాయి. గంటన్నర సేపు, ఇరవై పాటలు. గొంతులు పాత రికార్డులవి. బొమ్మలు తెర మీదివి. పక్కన వాయించే పదిమంది మాత్రం నిజంగా ఆ పూట అక్కడ ఉన్నవాళ్ళు.

హాల్లోకి వచ్చేవాళ్ళలో పడుచువాళ్ళు లేకపోలేదు. కానీ డెబ్బైల నాటి మెరుపుల చొక్కాలూ, ఎత్తుమడమల బూట్లూ, తళుకుల గౌనులూ వేసుకుని వచ్చే పెద్దవాళ్ళను చూస్తే సంగతి తెలుస్తుంది. వేదిక మీద మనిషి లేడని వాళ్ళలో ప్రతి ఒక్కరికీ తెలుసు. అయినా పాట అయ్యాక చప్పట్లు కొడతారు. ఎవరికి కొడుతున్నట్టు? పేర్లు పెట్టి పిలుస్తారు. ఎవరిని పిలుస్తున్నట్టు? కళ్ళు తుడుచుకుంటారు. ఎందుకని?

*

ఇది మోసమని కొందరంటారు. లేని మనిషిని ఉన్నట్టు చూపించి డబ్బు తీసుకుంటున్నారన్నది వాళ్ళ వాదం. ఈ వాదం నిలవదు. తెలిసి ఒప్పుకున్నవాణ్ణి మోసపోయాడనడం అతన్ని చిన్నబుచ్చడమే.

తోలుబొమ్మలాట చూసినవాళ్ళకు ఇందులో కొత్తేమీ లేదు. తెర వెనక దీపం, దీపం ముందు తోలు. పాడేవాడు, మద్దెల వాయించేవాడు నిజంగా అక్కడే ఉంటారు. సీతమ్మ మాత్రం తోలుముక్క. అది తోలని తెలియక కాదు జనం ఏడ్చేది. లండన్ హాల్లోని ఏర్పాటు మూలానికి వెళ్ళి చూస్తే ఇదే: వెలుగు, తెర, బొమ్మ, పక్కన బతికున్న వాద్యబృందం. ఉత్సవమూర్తి పంచలోహమని తెలిసే హారతి కళ్ళకద్దుకునేవాళ్ళం మనం. ఆ చప్పట్లను చూసి నవ్వే హక్కు మనకు లేదు.

మన ఆలంకారికులు ఈ చిక్కును వెయ్యేళ్ళ కిందటే విప్పారు. నటుణ్ణి రాముడనుకోవడం ఎలాంటి జ్ఞానం అన్న ప్రశ్నకు శ్రీశంకుకుడు చిత్రతురగ న్యాయం చెప్పాడు. గోడ మీద గీసిన గుర్రాన్ని చూసి 'గుర్రం' అంటాం. అది నిజమైన గుర్రమన్న జ్ఞానం కాదు. భ్రమా కాదు. గుర్రమా కాదా అన్న సందేహమూ కాదు. గుర్రంలాంటిదన్న పోలిక కూడా కాదు. ఈ నాలుగూ కాని ఐదో తీరు చూపు అది. కళను చూసే కన్ను ఆ కన్ను. లండన్ హాల్లో కూర్చున్న చిన్న ఉద్యోగి ఈ పేరు విని ఉండడు. కానీ అతను ఆ పూట చూస్తున్నది ఆ కంటితోనే. కనుక అబద్ధమన్న నేరం కొట్టెయ్యవచ్చు.

అసలు చిక్కు వేరే చోట ఉంది. కాంట్ చెప్పిన మందు ఇక్కడ దొరకదు. బెంగ పెట్టుకున్నవాడు ఊరికి వెళతాడు. రావిచెట్టు కొట్టేసి ఉంటుంది. నేస్తం బట్టతలతో ఎదురొస్తాడు. ఇది నా ఊరు కాదనుకుంటాడు, తర్వాత నేనే ఆ పిల్లవాణ్ణి కానని తెలుసుకుంటాడు. ఊరు మారి అతనికి మేలు చేసింది. డెబ్బైల గాయకుడు డెబ్బై ఏళ్ళ వయసులో నిజంగా వేదిక ఎక్కినా ఈ మేలు జరుగుతుంది. పై స్వరం అందదు. మెట్లు దిగేటప్పుడు ఎవరో చెయ్యి అందిస్తారు. చూసేవాడికి గుండె కలుక్కుమంటుంది, బుద్ధి వస్తుంది. కానీ ఊరినే మారకుండా కట్టిపెడితే? వెళ్ళిన ప్రతిసారీ రావిచెట్టు అక్కడే ఉంటే, నేస్తానికి ఎప్పుడూ ముప్ఫై ఏళ్ళే ఉంటే? ఆశాభంగం లేని తిరుగుప్రయాణం మందా, మత్తా? అభిమానులు మళ్ళీ మళ్ళీ టిక్కెట్లు కొనడం చూస్తే రెండోదేనేమో అని అనుమానం కలుగుతుంది.

*

ఈ అనుమానాన్ని పట్టుకుని రెండు సంగతులు చూద్దాం.

మొదటిది, ఆ 1979. బొమ్మలకు తొడిగిన ముఖాలు ఆ ఏటివి. చూసేవాళ్ళకు అది బంగారు ఏడాది. పాడినవాళ్ళకు? ఆ జనవరిలోనే అగ్నేతా, బ్యోర్న్ తాము విడిపోతున్నట్టు ప్రకటించారు. 1980లో విడాకులయ్యాయి. 1981లో రెండో జంట కూడా విడిపోయింది. తమ కాపురం చెదిరిన తర్వాత బ్యోర్న్ రాసిన ఎడబాటు పాటను 1980లో పాడింది అగ్నేతాయే. అది అచ్చంగా మా కథ కాదు, కల్పనేనని ఆయన చెప్పుకున్నా, ఆమె గొంతులో విన్నవాళ్ళు వేరేగా వినలేకపోయారు. విమానమంటే ఆమెకు భయం. చిన్నపిల్లలను విడిచి దేశాలు తిరగడమంటే దిగులు. మనం తిరిగి వెళ్ళాలనుకునే ఆ ఇల్లు అందులో ఉన్నవాళ్ళకు అప్పుడే కూలుతూ ఉంది. మన మంచిరోజులు ఇంకొకరి చెడ్డరోజులై ఉండవచ్చునన్న ఎరుక లేని బెంగ స్వార్థమవుతుంది. ఆ రోజులే బాగుండేవి అనే ముందు, ఎవరికి బాగుండేవని ఒకసారి అడుక్కోవాలి.

రెండోది, బోనీ ఎమ్ కథ. మన దేశంలో డెబ్బైల చివర, ఎనభైలలో టేప్‌రికార్డరున్న ఇళ్ళకు ఈ పేరు బాగా తెలుసు. పశ్చిమ జర్మనీలో ఫ్రాంక్ ఫారియన్ అనే నిర్మాత కూర్చిన బృందం అది. వేదిక మీద బాబీ ఫారెల్ అనే అరూబా ద్వీపవాసి ఒంట్లో ఎముకలు లేనట్టు ఆడేవాడు. రికార్డు మీద వినపడే మగగొంతు మాత్రం అతనిది కాదు, ఫారియన్‌ది. ముగ్గురు ఆడవాళ్ళలో రికార్డులకు పాడింది లిజ్ మిచెల్, మార్షియా బారెట్ ఇద్దరే. లండన్ బొమ్మలకు నలభై ఏళ్ళ ముందే గొంతు ఒకరిది, ఒళ్ళు ఒకరిది అన్నమాట.

వాళ్ళకు ఎక్కువ పేరు తెచ్చిన పాటల్లో బాబిలోన్ నదుల పాట ఒకటి. 1978లో బ్రిటన్‌లో మొదటి స్థానంలో నిలిచింది. దాని పుట్టుక బైబిలులోని 137వ కీర్తన. దేశం పోగొట్టుకుని బాబిలోన్‌కు చెరపట్టబడిన యూదులు నదిగట్టున కూర్చుని ఏడుస్తారు. చెరపట్టినవాళ్ళు మీ దేశం పాటలు పాడండి, వింటామంటారు. పరాయినేల మీద ఆ పాట ఎలా పాడమని వాళ్ళు బాధపడతారు. ఈ కీర్తనను 1970లో జమైకా గాయకులు తమ పాటగా పాడుకున్నారు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తేబడినవాళ్ళ సంతతికి అది సొంత కథే. ఎనిమిదేళ్ళకు అది బోనీ ఎమ్ చేతిలో పడి, లోకమంతా చిందులేసే పాట అయింది. బెంగ గురించిన పాట మీదే ఇప్పుడు మనం బెంగ పెట్టుకుంటున్నాం. అందులో తప్పులేదు, పాట చేతులు మారుతూనే ఉంటుంది. కానీ ఆ కీర్తనలోని ఒక్క సంగతి మరవకూడదు. పాడమన్నవాడు ఒకడు, పాడవలసినవాడు ఇంకొకడు. వేడుక ఒకరిది, భారం ఇంకొకరిది.

ఆ భారం ఎంతటిదో ఫారెల్ బతుకు చెబుతుంది. అసలు బృందం 1986లో ముగిశాక, అదే పేరుతో ఎవరి బృందం వారు కట్టుకుని తిరిగారు. ఫారెల్ కూడా అలాగే తిరిగాడు. జనం అతన్ని అడిగింది 1978 నాటి ఆటనే. 2010 డిసెంబరులో రష్యాలోని సెంట్ పీటర్స్‌బర్గ్‌లో ఒక రాత్రి ప్రదర్శన ఇచ్చాడు. తెల్లవారి, డిసెంబరు 30న, హోటల్ గదిలో చనిపోయి కనిపించాడు. వయసు 61. ఆ చావుకు అభిమానులు కారణమని ఎవరూ అనలేదు, నేనూ అనను. ఆడటం అతని జీవనం, బహుశా అతనికి ఇష్టం కూడా. కానీ మన ముప్ఫై ఏళ్ళ కిందటి వయసును మోయడానికి ఇంకొక మనిషి ఒంటిని అద్దెకు తీసుకున్నప్పుడు, ఆ ఒంటికీ ముప్ఫై ఏళ్ళు దాటాయన్న సంగతి గుర్తుండాలి. అద్దె కట్టినంత మాత్రాన ఆ బాధ్యత తీరదు.

ఇలా చూస్తే లండన్ బొమ్మల మీద నా అనుమానం సగం కరిగిపోతుంది. అవి చూసేవాళ్ళకు మత్తో మందో గాని, పాడినవాళ్ళకు మాత్రం విడుదల. యౌవనాన్ని బొమ్మకు అప్పగించి ఆ నలుగురూ హాయిగా ముసలివాళ్ళయ్యారు. ప్రారంభానికి ముందురోజు, 2022 మే 26న, ఆహ్వానితుల ప్రదర్శన చివర ఆ నలుగురూ నిజంగానే వేదిక మీదికి వచ్చి వంగి నమస్కరించారు. డెబ్బైలు దాటిన నలుగురు మనుషులు. పాడలేదు, ఆడలేదు. పాడమని ఎవరూ అడగలేదు. అభిమానానికి అంతకంటె మంచి ఘడియ ఉంటుందనుకోను.

*

మరి మిగిలిన సగం అనుమానం? మారని ఊరిలో మందెక్కడ?

నాకు తోచిన జవాబు ఇది. మందు వేదిక మీద లేదు, హాల్లో ఉంది. ఆ పాటలు ఇంట్లో కూర్చుని ఒక్కరూ వినవచ్చు. రికార్డు అరగలేదు, గొంతు మారలేదు. అయినా మనుషులు అంతదూరం ఎందుకు వస్తున్నారు? పక్కన ఇంకొకరు ఉండాలని. ఇంట్లో ఒంటరిగా వింటున్నంతసేపూ నాకు ఇరవై ఏళ్ళేనని అనుకోవచ్చు. హాల్లో అది సాగదు. తెర మీద 1979. తెరకు ఇవతల నెరిసిన తలలు, కళ్ళజోళ్ళు, ఆరో పాటకే కూర్చోవలసివచ్చే మోకాళ్ళు. మూడువేల మందీ ఒకరికొకరు అద్దాలు. ఈ పాటకు నాతో ఆడిన మనిషి ఇప్పుడు లేదని ఒకరికి గుర్తొస్తుంది. ఆ పక్క కుర్చీలో కూతురు కూర్చుని ఉంటుంది, తల్లి వయసులో ఉన్నప్పుడు ఎలా నవ్వేదో మొదటిసారి చూస్తుంది. కాంట్ చెప్పిన ఆశాభంగం ఇక్కడ లేదు నిజమే. దాని బదులు పోలిక ఉంది. బొమ్మ మారలేదు కనుకనే మనం ఎంత మారామో తెలుస్తుంది. కొలబద్ద పెరగకుండా ఉంటేనే కదా పిల్లవాడు ఎంత ఎదిగాడో చెప్పగలం.

అయితే ఈ మందు దానంతటది పనిచెయ్యదు, చూడవలసినవైపు చూడాలి. తెరవైపే చూసి, కళ్ళు మూసుకుని ఇంటికి పోయినవాడికి అది మత్తే. పక్కవాడివైపు కూడా చూసినవాడికి మందు. ఒకే కచేరీ ఇద్దరికి రెండు రకాలు.

ఈ మాట విదేశపు పాప్ పాటలకే కాదు. అబ్బా బ్రైటన్‌లో గెలవడానికి రెండు నెలల ముందు, 1974 ఫిబ్రవరి 11న, మద్రాసులో ఘంటసాల పోయారు. అప్పటినుంచీ తెలుగువాళ్ళు నలుగురు చేరిన ప్రతి చోటా, ఏ రాష్ట్రంలోనైనా సరే, ఆయన పాటల సభలు జరుగుతున్నాయి. అక్కడ ఒక కుర్రవాడు పాడతాడు. అచ్చం ఘంటసాలలాగే పాడాడంటే చప్పట్లు. ఎక్కడైనా తన సొంత గొంతు తొంగిచూస్తే పెదవి విరుపు. ఆ కుర్రవాడికి ఇరవై రెండేళ్ళు. అతనికీ ఒక గొంతు ఉంది. పోయినవారి మీద మన ప్రేమ నిజమే. కానీ బతికున్న ఒకణ్ణి నువ్వు లేనట్టు ఉండమని అడిగే హక్కు ఆ ప్రేమ మనకు ఇవ్వదు. రికార్డు ఉంది కదా, అచ్చం ఆయనలాగే వినాలనిపిస్తే రికార్డు వేసుకోవచ్చు. కుర్రవాడి దగ్గర కుర్రవాణ్ణే వినాలి.

ఊరు విడిచినవాళ్ళు ఊరిని అడిగేదీ ఇలాంటిదే. ఏడాదికోసారి జాతరకు వెళ్ళి, పెంకుటిళ్ళు ఏవి, అరుగులు ఏవి, ఈ పిల్లల మాటేమిటి ఇలా ఉందని అక్కడివాళ్ళను నిలదీస్తాం. వానకు కారే పెంకుటింట్లో మిగతా పదకొండు నెలలూ ఉండవలసింది వాళ్ళు. మన బెంగ తీరడానికి వాళ్ళు మారకుండా ఉండాలనడం, గాయకుణ్ణి ముసలివాడు కావద్దనడం ఒకే కోవలోవి.

అందుచేత నాకు తేలిన లెక్క చాలా చిన్నది. పాటను 'నువ్వు అలాగే ఉండు' అని అడగవచ్చు. పాటకు నొప్పి లేదు, అది అలాగే ఉంటుంది, ఉండటమే దాని పని. తెర మీది బొమ్మను అడగవచ్చు. మనిషిని మాత్రం అడగకూడదు. పాడిన మనిషిని గాని, పక్క కుర్చీలోని మనిషిని గాని, అద్దంలో కనపడే మనిషిని గాని. ఈ తేడా తెలిసినవాడు తళుకుల చొక్కా వేసుకుని ఎన్నిసార్లు కచేరీకి వెళ్ళినా నాకు అభ్యంతరం లేదు. అతను గతంలోకి పారిపోవడం లేదు. తన ఏళ్ళను ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకోవడానికి వెళుతున్నాడు. లెక్కపెట్టేటప్పుడు తాళం వేసే పాట ఒకటి తోడుంటే మంచిదే.

బెంగ అనే మాటను మన పెద్దలు తప్పుగా ఎన్నడూ వాడలేదు. బెంగ పెట్టుకున్న పిల్లను ఎవరూ తిట్టరు. పుట్టింటికి పంపుతారు, నాలుగు రోజులు ఉండనిస్తారు. ఐదోరోజు బండి కట్టి, చీరా రవికా పెట్టి, తిరిగి అత్తవారింటికి పంపుతారు. కచేరీకి వెళ్ళినవాళ్ళ విషయంలోనూ అంతే అనుకుంటాను. గంటన్నర పుట్టింట్లో ఉన్నారు. దీపాలు వెలిగాక బయటికి నడిచి, రైలెక్కి, తమ తమ ఇళ్ళకు, తమ తమ వయసులకు వెళ్ళిపోవాలి.